వాకిట బండలు పరచుట

గేటు మొదలు వసారా మెట్టు వరకు బండలు పరపింపదలచిన గృహస్థులు నన్ను మొట్టమొదట అడుగు ప్రశ్న, ఏ రాయి మంచిది యని. తాండూరు బండ మేలా, కడప రాయి మేలా, మాచర్ల నాపరాయి మేలా యని వారి సందేహము. అడుగదగిన ప్రశ్నయే. కాని దానికంటె ముందు అడుగవలసినది వేరొకటి యున్నది: నా వాకిట కురిసిన వాన యెక్కడికి పోవును? దీనికి సమాధానము చెప్పుకొనక రాయి కొన్నవారు రెండు వర్షకాలములు గడచునప్పటికి ఆ రాళ్ళనే పెకలించి మరల పరపించుట నేను చూచితిని. నేను ఇంజనీరును గాను. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగును సంస్కృతమును చెప్పిన పంతులును. అయినను పల్నాటి సీమలో నాపరాళ్ళ గనులకు సమీపమున పుట్టి పెరిగినవాడను; మా యింటి ముంగిట కారు లోపలికి వచ్చుటకు 10 అడుగుల వెడల్పు, 30 అడుగుల నిడివి గల దారిని దగ్గర నుండి పరపించుకొన్నవాడను. ఆ పనిలో మేస్త్రి చెప్పినదియు, నేను కన్నులార చూచినదియు ఈ ప్రసంగమున విన్నవించెదను.

సంస్కృతమున పరపు వేసిన నేలకు కుట్టిమమని పేరు. అమరసింహుడు తన కోశమున దీనికి గట్టిగా బంధింపబడిన నేల యని యర్థము చెప్పెను. తెలుగున కుట్టుట యనగా సూదిపని గాని, సంస్కృతమున ఆ ధాతువునకు దంచుట, నలుగగొట్టుట యను నర్థములు గలవు. ఈ పేరులో నాకు వింతగా తోచినదేమనగా, దానియందు రాతి ప్రసక్తియే లేదు. నేల యున్నది, దంచుట యున్నది, బంధమున్నది. పేరు పెట్టినవారు పని తెలిసినవారని నా నమ్మకము.

ఈ మాటనే వేరొక విధముగా చెప్పి లోకమునకు మేలు చేసినవాడు స్కాట్లండు దేశీయుడైన జాన్ లౌడన్ మెకాడం (1756–1836). ఆయన 1816లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ ప్రాంతపు బాటలకు సర్వేయరుగా నియమింపబడెను. కంకర బాటలకు మెకాడం బాటలను పేరు ఆయన వలననే వచ్చినది. బండి బరువును తుదకు మోయునది అడుగుననున్న సహజమైన నేలయే యనియు, అది పొడిగా నున్నంతవరకు ఎంత బరువునైనను మోయుననియు, తడిసినచో క్రుంగుననియు ఆయన వాదించెను. కావున పైని పరచు కంకరకు ముఖ్యమైన పని, నేలపై నీరు దిగకుండ కప్పువలె కాపాడుటయే. నదులలో దొరకు నున్నని గుండ్రాళ్ళు ఒకదానిపై నొకటి దొరలిపోవును. పగులగొట్టిన కంకర కోణములు గలది గనుక ఒకదాని సందున నొకటి చొచ్చుకొని బిగియును. ఈ రెండు మాటలు తెలిసినవానికి వాకిటి పనిలో సగము తెలిసినట్లే.

ఇక మా సీమలో విస్తారముగా నున్నది నల్లరేగడ నేల. దీని స్వభావము రైతులందరకు తెలిసినదే. వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. ఇట్లు ఏటేట పెరుగుచు తరుగుచు నుండు నేలపై తిన్నగా బండ పరచుట, నిద్రించువాని రొమ్ముపై పలక పెట్టుట వంటిది. ఎఱ్ఱనేల గలవారు, గరప నేల గలవారు భాగ్యవంతులు. వారికి నేను చెప్పబోవు లోతులో సగము చాలును.

మా వీథిలోని యొక యింటివారు పొరుగూరినుండి వచ్చిన కంట్రాక్టరుకు పని యప్పగించిరి. అతడు మూడు దినములలో పని ముగించెను. పై మట్టిని కొంచెము గీచి, ఇసుక చల్లి, అద్దమువలె మెరుగుపెట్టిన బండలు వరుసగా పేర్చెను. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. శ్రావణమాసపు వానలకు బండలు కదలినవి; అడుగు పెట్టిన మూల దిగి, ఎదుటి మూల లేచి, సందులోనుండి బురదనీరు చీరల అంచులపై చిమ్మెడిది. అంతవరకు నవ్వుకొనదగినదే. కాని ఆ యింటి పెద్దమ్మగారు, డెబ్బది యేండ్లు దాటినావిడ, తెల్లవారుజామున పాల గిన్నెతో దిగి, ఆ మెరుగు బండపై జారిపడి తుంటి యెముక విరుగగొట్టుకొనిరి. పిమ్మట ఆవిడ చేతికఱ్ఱ లేక నడచుట నేను చూడలేదు. వాలు సరిగా లేనందున ఆ వాకిటి నీరంతయు ప్రక్కయింటి గోడ మొదలికి చేరి, గోడ చెమ్మగిల్లి పూత పెచ్చులూడెను. ఏండ్ల తరబడి పండుగకు పిండివంటలు ఇచ్చిపుచ్చుకొనిన రెండిండ్లవారు మాటలు మానిరి. రాళ్ళు మంచివే, తాండూరు గనులలో మేలైనవి. వాటి తప్పేమియు లేదు.

నీటి లెక్క చిన్నదియే గాని చాలమంది వేసికొనరు. మా దారి 300 చదరపుటడుగులు. దానిపై ఒక అంగుళము వాన కురిసినచో 25 ఘనపుటడుగుల నీరు, అనగా రమారమి 700 లీటర్లు. మట్టి వాకిలిగా నున్నప్పుడు అందులో కొంత నేల త్రాగెడిది. బండ పరచి సందులు సిమెంటుతో మూసినచో దాదాపు అంతయు ప్రవహించును. అది మన గోడకా, పొరుగువాని గోడకా, వీథికా, లేక భూమిలోనికా యనునది మనము ముందుగా నిర్ణయింపవలసినది. మేము రాయి బేరము చేయక పూర్వము, ఒక వాననాడు గొడుగు వేసికొని వాకిట నిలిచి నీరు సహజముగా ఏ దారిని పోవుచున్నదో చూచి, సున్నముతో గురుతులు పెట్టుకొంటిమి. మేస్త్రి నవ్వి, "పంతులుగారూ, వాన చెప్పినంత సూటిగా ఏ లెవెల్ పైపూ చెప్పదండీ" అన్నాడు.

వాలు ఇంటివైపునుండి వీథివైపునకో, తోటవైపునకో ఉండవలెను. ప్రతి 10 అడుగులకు 2 అంగుళముల దిగుడు చాలును. అనగా అరువదింట ఒక పాలు. గరుకు రాళ్ళయినచో 3 అంగుళములు పెట్టవచ్చును. ఇంతకు మించినచో నడచువారికి కాలు ఒరుగును. దారి కంతకు ఒకే వాలు పెట్టుట తేలిక. నడుమ ఎత్తు పెట్టి రెండు వైపులకు దించుట అందము గాని మేస్త్రికి శ్రమ. ఇంటి గోడ నానుకొని యున్నచోట పరపు పైభాగము ఇంటి లోపలి నేలకంటె 6 అంగుళములైనను తక్కువగా నుండవలెను. పాత యిండ్లలో వాకిలి తరతరములుగా మట్టి పోయగా మెరకయై గడపనందుకొనుచుండును. అట్టిచోట ముందు ఆ మట్టి తీయక తప్పదు.

త్రవ్వకమునకు వచ్చుదము. మా రేగడలో ఒక అడుగు లోతు త్రవ్వించితిమి. 300 ఘనపుటడుగుల మట్టి, త్రవ్వి పోయగా పొంగి నాలుగు ట్రాక్టరు తొట్లకు సరిపోయినది. దానిని ఎచ్చట పోయవలెనో ముందు చూచుకొనవలెను. లేనిచో గేటు ముందర కొండవలె నిలిచి వీథివారితో తగవు వచ్చును. గునపము వేయుటకు ముందు నీటి గొట్టములు, మురుగు గొట్టములు, విద్యుత్తు తీగలు ఎచ్చట నున్నవో తెలిసికొని, వీలయినచో వాటికి పైనుండి మరియొక గొట్టము తొడుగుట మంచిది. పరపు వేసిన పిమ్మట వాటికై రాళ్ళు తీయుట కష్టము.

ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. రేగడలో గొయ్యి త్రవ్వి అందులో గ్రావెలును కంకరను నింపినచో, ఆ గొయ్యి తొట్టి వంటిదగును. పైనుండి దిగిన నీరు అడుగున నిలిచి, చుట్టునున్న రేగడను నానబెట్టుచునే యుండును. పైని కట్టు ఎంత బాగున్నను లోపల రోగము పెరుగును. కావున గొయ్యి అడుగునకు గూడ పైభాగమునకు పెట్టదలచిన వాలునే పెట్టి, పల్లపు కొననుండి నీరు వెలుపలికి పోవుటకు ఒక చిన్న కాలువను, అందులో రంధ్రముల గొట్టమును పెట్టవలెను. మా మేస్త్రి ఈ పని చెప్పినప్పుడు, నేల క్రింద నుండు వాలు ఎవరు చూడవచ్చిరని మా బంధువొకడు పరిహాసము చేసెను. చూచునది నీరే.

అడుగు నేలను ముందు దంచి, ఆపై నాలుగంగుళముల మందమున ఎఱ్ఱ గ్రావెలు పోసితిమి. తెలంగాణమున దీనినే మొరమందురు. దానిపై నాలుగంగుళముల కంకరను, సందులలోనికి రాతిపొడిని వేసితిమి. దేనినైనను ఒక్కమారుగా ఎనిమిది అంగుళములు పోసి దంచినచో పైపొర గట్టిపడునే గాని అడుగు పొరకు దెబ్బ తగులదు. నాలుగంగుళములకు మించక పోసి, తడిపి, దంచి, మరల పోయవలెను. తడి యెంత యన్నచో, గ్రావెలును పిడికిట పట్టి నొక్కినప్పుడు ముద్ద కావలెను, వ్రేళ్ళ సందున నీరు కారరాదు. పొడిగా నున్నచో దిమ్మిస దెబ్బకు దుమ్ము లేచును. నీరెక్కువైనచో బురదవలె ప్రక్కకు జరుగును. పూర్వము నలుగురు మనుష్యులు దిమ్మిసలు పట్టి పాటతో దంచెడివారు. ఇప్పుడు అదరుచు నేలను కుదించు చిన్న యంత్రము అద్దెకు దొరకుచున్నది. అది వేగముగా పని చేయును గాని గోడ మొదలను, మూలలను చేతి దిమ్మిసయే కావలెను. మడమతో గట్టిగా తన్నినప్పుడు గుంట పడనిచో ఆ పొర ముగిసినట్లు. దంచగా మందము తరుగును గనుక, 100 ఘనపుటడుగులు కావలసినచోట పాతికో ముప్పదియో ఎక్కువ తెప్పించుకొనవలెను.

ఆ పిమ్మట అంచులు. ఇది చాలమంది విడిచిపెట్టు పని. రెండు ప్రక్కల నిలువు రాళ్ళను పాతి కాంక్రీటుతో బిగింపనిచో, కారు చక్రము త్రిప్పినప్పుడెల్ల అంచు రాయి కొంచెము కొంచెముగా వెలుపలికి జరుగును, దాని వెంట రెండవది, దాని వెంట మూడవది. సందులు విచ్చి, క్రింది ఇసుక కొట్టుకొనిపోవును. నిలువు రాయి సగమునకు పైగా నేలలో నుండవలెను.

ఇప్పుడు రాతి మాట. కడప రాయి, బేతంచెర్ల రాయి, మాచర్ల నాపరాయి, తాండూరు బండ, కర్ణాటకమునందలి షాబాదు బండ, ఇవి యన్నియు సున్నపురాతి జాతివే. పూర్వము నీటి అడుగున సన్నని మడ్డి పొరపొరగా పేరుకొని గట్టిపడగా ఏర్పడినవి. అందువలననే గనిలో మేకు కొట్టినచో పలకలుగా విడివడును; అందువలననే మనకు పెద్ద శ్రమ లేకుండ సమముగా నుండు బండ దొరకుచున్నది. అమరావతి స్తూపపు శిల్పములు చెక్కినది గూడ పల్నాటి సున్నపురాతిలోనే. మెత్తదనమును గట్టిదనమును రెండును గల రాయి యది.

సున్నపురాయి గనుక పులుపునకు లొంగును. ముక్కపై నిమ్మరసము పిండినచో సన్నని నురుగు కనబడును, మెరుగు పోవును. మరుగుదొడ్లు కడుగు ఆసిడుతో వాకిలి కడిగినచో రాయి తినబడి గరుకై, మురికి మరింత పట్టును. కారు నూనె కారిన చోటను వెంటనే తుడువనిచో మచ్చ నిలిచిపోవును. చీమకుర్తి మొదలగు చోట్ల దొరకు గ్రానైటుకు నిమ్మరసపు బాధ లేదు. కాని అది కోయుటకు కఠినము, వెల యెక్కువ, మెరుగుపెట్టినచో జారుటలో దేనికిని తీసిపోదు. ఏ రాయి యైనను వాకిటికి మెరుగు పెట్టనిదే కావలెను. గనిలో పలకగా విడివడినప్పటి సహజమైన ముఖము పైకి వచ్చునట్లు పరచినచో తడిలో గూడ కాలు నిలుచును. ఇంటిలో వృద్ధులున్నవారికి ఈ యొక్క మాట తక్కిన ప్రసంగమంతటితో సమానము. నల్లని కడప రాయి వేసవిలో మిట్టమధ్యాహ్నము వట్టికాళ్ళతో త్రొక్కనలవి కాదు. ఎండ తగులు వాకిటికి లేత రంగు మేలు.

మందమును గూర్చి పేచీ వచ్చును. నడుచుటకే యయినచో ఒక అంగుళము చాలును. కారు వచ్చుచోట రెండంగుళములకు తక్కువ పనికిరాదు. చిన్న కారు సైతము ఇంచుమించు వెయ్యి కిలోల బరువుండును. ఆ బరువు నాలుగు చక్రముల వద్ద అరచేతి వెడల్పంత చోట్ల నేలను తాకును. పెద్ద బండ పలుచనిదై, క్రింద ఎచ్చటనైన బోలుగా నున్నచో చక్రమెక్కినప్పుడు వంగలేక విరుగును. కావున పెద్ద బండల కంటె మందముగల చిన్న బండలు శ్రేష్ఠము. రెండడుగుల చదరపు బండ రెండంగుళముల మందమున 50 కిలోలుండును, ఇద్దరు మనుష్యులు పట్టవలెను. అడుగున్నర బండను ఒకడే సవరించుకొనగలడు. కొనునప్పుడు ఒక్కొక్క బండను నిలువబెట్టి చిన్న సుత్తితో తట్టి చూడుడు. కంచు గిన్నెవలె ఖంగుమన్నచో మంచిది. కుండపెంకు శబ్దము వచ్చినచో లోపల పొర విడిచినదని తెలియవలెను. నూటికి పది బండలు ఎక్కువ తెచ్చుకొనుట వివేకము, ఏలయన మరల తెచ్చిన బండ రంగు కలియదు.

పరచుటకు ముందు కంకరపై అంగుళమున్నర మందమున ముతక ఇసుకగాని రాతిపొడిగాని పోసి, సమమైన మందము గల రెండు ఇనుప గొట్టములను నేలపై పెట్టి, వాటిపై చెక్కను లాగి చదును చేయవలెను. చదును చేసిన చోట కాలు పెట్టరాదు. మా మనుమడు పిల్లిని తరుముచు ఒకమారు అటునుండి ఇటు పరుగెత్తగా, మేస్త్రి ఆ మేరకంతయు మరల లాగెను. ఇసుక మందము సరిచేయుటకే గాని గుంటలు పూడ్చుటకు గాదు. కంకరలో గుంట యున్నచో కంకరనే సవరింపవలెను. ఇసుకతో నింపినచో అచ్చట మూడు నెలలలో బండ దిగును.

బండను ఒక అంచుగాక, తిన్నగా దింపి, చెక్క సుత్తితో నడుమను మూలలను తట్టవలెను. నాలుగు బండల మూలలు ఒక్కచోట కలియనీయరాదు. ఇటుక గోడలో వలె ఒక వరుస సందుకు రెండవ వరుస బండ నడుమ ఎదురు రావలెను. దారము కట్టి ప్రతి మూడవ వరుసకు వాలును సరిచూచుకొనవలెను. రసమట్టమును చెక్కపై పెట్టి, చెక్క పల్లపు కొన క్రింద కొలత ప్రకారము చిన్న దిమ్మ నుంచినచో వాలు సులభముగా తెలియును.

సందులను గూర్చి మేస్త్రులలో మతభేదమున్నది. కొందరు ఇసుకపై పరచి సందులను సిమెంటుతో పూయుదురు. ఇది రెంటికి చెడిన రేవడి పని. క్రింది ఇసుక కొంచెము కదలును, పై సిమెంటు కదలనేరదు. అందుచేత తొలి యేడే వెండ్రుకవాసి బీటలు వచ్చి, ఆ బీటలలో నీరు దిగి, మరల పైకి పోవు మార్గములేక నిలుచును. పరపు అంతయు గట్టిదైనను కావలెను, అనగా క్రింద కాంక్రీటు, దానిపై సిమెంటు సున్నము, సందులలోను అదియే. లేదా అంతయు కదలికకు ఓర్చునదైనను కావలెను, అనగా క్రింద కంకర, ఇసుక, సందులలో పొడి ఇసుక. మేము రెండవది యెంచుకొంటిమి. వాననీరు కొంత సందులగుండ దిగును, ఎచ్చటనైన బండ క్రుంగినచో లేపి సరిచేయవచ్చును. సందులలో గడ్డి మొలచును, నిజమే. నెలకొక ఆదివారము పీకుట నాకు వ్యాయామము.

మిగిలిన నీటికై పల్లపు కొనన, ఇంటి గోడకు 10 అడుగుల దూరమున, నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతు గల ఇంకుడుగుంట త్రవ్వి రాళ్ళు నింపితిమి. 64 ఘనపుటడుగుల గుంటలో రాళ్ళ సందులు మూడవ వంతు అనుకొన్నను 600 లీటర్ల నీరు పట్టును. అనగా ఒక అంగుళపు వానలో చాలవరకు. రేగడలో ఇంకుట ఆలస్యము గనుక, నిండిన పిమ్మట పొర్లు నీరు వీథి కాలువకు పోవుటకు తూము పెట్టితిమి. వేపచెట్టు మొదలున నాలుగడుగుల చదరము మట్టిగానే విడిచితిమి. దాని వేళ్ళకు గాలి నీరు కావలెను. ఇవ్వనిచో అవియే బండలను లేవనెత్తి తీసికొనును.

మరియొక చదరమును గూడ విడువవలసి వచ్చినది. గేటు ముందర కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టుటకు మట్టి లేకపోయిన ధనుర్మాసము ధనుర్మాసమే కాదని మా యింటి ఇల్లాలు పట్టుబట్టినది. మేస్త్రి ఆమె పక్షమున చేరి, "అమ్మగారన్నది నిజమేనండి, ఆ నాలుగడుగులూ నీళ్ళు తాగుతాయి" అన్నాడు. నేను వాదింపలేదు.

పని ముగిసిన పిమ్మట సందులలో పొడి ఇసుక చీపురుతో ఊడ్చి, పలుచగా నీరు చల్లి, మరునాడు మరల ఊడ్చితిమి. ఇట్లు వారము దినములలో మూడుమార్లు. అంతవరకు కారు లోపలికి రానీయలేదు. తొలి పెద్ద వానకు నేను సుద్దముక్క పట్టుకొని బయలుదేరితిని. వాన నిలిచిన అరగంటకు ఎచ్చట నీరు నిలిచియున్నదో ఆ బండపై గుండ్రని గీత గీచితిని. మూడు చోట్ల నిలిచినది. ఎండిన తరువాత మేస్త్రి వచ్చి, ఆ మూడు బండలను గడ్డపలుగు కొనతో లేపి, క్రింద పిడికెడు పిడికెడు రాతిపొడి వేసి, మరల దించి తట్టెను. పూట పని కూడ పట్టలేదు.